తుమ్మొస్తే తుమ్మనివ్వండమ్మా!

అమ్మాయిలూ, ఇవాళ ముక్కుసూటిగా ఒక ప్రశ్న అడుగుతాను, నవ్వకండి. మీరు ఆఖరిసారి నోరారా తుమ్మింది ఎప్పుడు? ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు తుమ్మినవి లెక్కలోకి రావు. నలుగురిలో, పక్కన మామగారో మేనేజరో ఉండగా, లోపలినుంచి వచ్చింది వచ్చినట్టు "హాచ్చి!" అని వదిలేసిన తుమ్ము సంగతి అడుగుతున్నాను. గుర్తు రావడం లేదు కదూ?

మగవాళ్ళ సంగతి వేరు. ఆయన వసారాలో తుమ్మితే వీధి చివర కుక్క లేచి నిలబడుతుంది. తుమ్మేశాక ఏదో ఘనకార్యం చేసినట్టు అటూ ఇటూ చూసి మూతి తుడుచుకుంటారు. మనమేమో రెండు వేళ్ళతో ముక్కు నొక్కి, పెదాలు బిగించి "క్చ్" అని లోపలికే మింగేస్తాం. ఆపైన "సారీ" ఒకటి. ఆడపిల్ల గట్టిగా నవ్వకూడదు, గట్టిగా నడవకూడదు అన్న జాబితాలో తుమ్మును ఎవరు, ఎప్పుడు చేర్చారో గానీ, చాలామందికి అది ఒంట్లో అలవాటుగా దిగిపోయింది. ఈ అలవాటు మంచిది కాదమ్మా. ఎందుకో చెప్పాలంటే ముందు తుమ్ము ఎలా పుడుతుందో చూడాలి.

పోపులో ఎండుమిరపకాయ కాస్త మాడిందనుకోండి. ఆ పొగతో పాటు మిరపలో మంట పుట్టించే కాప్సైసిన్ గాల్లోకి లేచి, ముక్కు లోపలి తడి పొర మీద పడుతుంది. ఆ పొర నిండా త్రిధార నాడి తాలూకు సన్నని కొసలుంటాయి. మెదడు నుంచి సూటిగా బయల్దేరే పన్నెండు జతల నాడుల్లో ఇది అయిదోది. ముఖంలో మూడు పాయలుగా చీలుతుంది: ఒకటి నుదురు, కళ్ళ వైపు, ఒకటి బుగ్గలు, పైదవడ వైపు, ఒకటి కింది దవడ వైపు. ముక్కుకు ఏది తగిలినా ఆ కబురు దీని మీదుగానే మజ్జాముఖానికి చేరుతుంది. మెదడు అడుగున, వెన్నుపాముతో కలిసేచోట ఉంటుందది. ఊపిరి, దగ్గు, వాంతి లాంటి, మనం తలుచుకోకుండానే జరిగిపోయే పనుల పెత్తనమంతా అక్కడే.

ఆ కబురు ఒక మోతాదుకు చేరేదాకా ఉండే ఆ రెండు మూడు క్షణాలు గమనించారా? గరిటె పట్టిన చెయ్యి గాల్లోనే ఆగిపోతుంది. కళ్ళు సగం మూతపడతాయి, ముక్కుపుటాలు అదురుతాయి, మాట్లాడుతున్న మాట మధ్యలో తెగిపోతుంది, ఎదుటివాళ్ళు కూడా మన మొహం చూస్తూ ఊపిరి బిగబడతారు. తీరా అక్కడిదాకా వచ్చి తుమ్ము వెనక్కి పోయిందా, అంత చిరాకు ఇంకోటి లేదు! పోలేదా, ఇక మన చేతిలో ఏమీ లేదు. ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే డయాఫ్రం అనే కండరం కిందికి దిగి ఛాతీ నిండా గాలి తీసుకుంటుంది. గొంతులో గాలి దారికి మూతలా ఉండే కంఠబిలం మూసుకుంటుంది. పక్కటెముకల మధ్య కండరాలు, పొట్ట కండరాలు ఒక్కసారిగా బిగుసుకుని లోపలి గాలిని నొక్కుతాయి. అప్పుడు మూత తెరుచుకుంటుంది. గాలి ముక్కులోంచీ నోట్లోంచీ దూసుకొస్తుంది. మొహం, మెడ, వీపు, నడుము, పొట్ట, పొట్ట అడుగున మూత్రాశయాన్ని మోసే కండరాలు, అన్నిటికీ ఇందులో పని పడుతుంది. పేరు ముక్కుది గానీ కష్టం ఒళ్ళంతటిదీ.

ఇంత హంగామా దేనికి? దుమ్మును బయటికి తోసేయడానికని బళ్ళో చదువుకున్నాం. నిజమే గానీ అది సగమే. ముక్కు లోపల శైలికలని, కంటికి ఆననంత సన్నని కేశాలుంటాయి. రాత్రీ పగలూ ఊగుతూ చీమిడిని, అందులో చిక్కిన దుమ్మునూ గొంతు వైపు నెడుతూ ఉంటాయి. 2012లో అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ముక్కు పొర కణాలను ప్రయోగశాలలో పెంచి, తుమ్ము పుట్టించే ఒత్తిడి లాంటిది వాటి మీద పెట్టి చూశారు. శైలికలు వేగం పుంజుకున్నాయి. సైనసైటిస్ ఉన్నవాళ్ళ కణాల్లో మాత్రం ఆ ఊపు రాలేదు. అంటే తుమ్ము చెత్త ఊడ్చేసి ఊరుకోకుండా, ఊడ్చేవాళ్ళను నిద్ర లేపి మళ్ళీ పనిలో పెడుతుందన్నమాట. సైనస్ ఉన్న వదినగారు పొద్దుటినుంచీ తుమ్ముతూనే ఉన్నా ముక్కు తేలికపడలేదని వాపోయేది అందుకేనేమో.

పసిపిల్లలు తుమ్ముతున్నారని కంగారుపడి ఫోన్లు చేస్తుంటారు కొత్తగా తల్లులైనవాళ్ళు. పుట్టిన కొత్తలో పిల్లలు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీస్తారు. ఆ చిన్న ముక్కులో కాస్త అడ్డం పడినా తుమ్మి సరిచేసుకుంటారు. జ్వరం లేకుండా, పాలు బాగా తాగుతూ, ఊపిరికి ఇబ్బంది పడకుండా ఉంటే రోజుకు నాలుగు తుమ్ములు తుమ్మినా ఏమీ కాదు. 

తుమ్ము మీద అపోహలకూ కొదవ లేదు. తుమ్మినప్పుడు గుండె ఆగుతుందనేది ఉత్త మాట. ఛాతీలో ఒత్తిడి మారడం వల్ల గుండె లయ కాస్త అటూ ఇటూ అవుతుందంతే. కళ్ళు తెరిచి తుమ్మితే గుడ్లు ఊడిపడతాయనేదీ అంతే. రెప్పలు వాటంతట అవే మూతపడతాయి గానీ, ప్రయత్నించి తెరిచి ఉంచగలిగినవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ కళ్ళు వాళ్ళ దగ్గరే ఉన్నాయి. తుమ్ము వేగం గంటకు నూట అరవై కిలోమీటర్లనేది పిల్లల పుస్తకాల్లో ఇంకా తిరుగుతోంది. 2013లో సింగపూర్‌లో కొలిచినప్పుడు తేలింది సెకనుకు నాలుగున్నర మీటర్లు. అంటే గంటకు పదహారు కిలోమీటర్లు, సైకిలు వేగం!

ఇక పార్లర్ సంగతి. కనుబొమలు చేయించుకుంటుంటే తుమ్ము రావడం మీలో ఎంతమందికి అనుభవం? ఆ అమ్మాయి దారం ఒక కొస పళ్ళ మధ్య బిగించి, రెండో కొస వేళ్ళకు చుట్టి, మన మొహం మీదికి వంగి ఉంటుంది. రెండు వెంట్రుకలు లాగేసరికి మనకు ముక్కులో గులగుల. "ఆగు తల్లీ" అని చెయ్యెత్తగానే, అలవాటైన పిల్ల కాబట్టి, చటుక్కున వెనక్కి జరుగుతుంది. ముక్కుకూ కనుబొమకూ ఏం సంబంధం అంటే, ఇందాకటి త్రిధార నాడే. కనుబొమ దగ్గర లాగినా కబురు వెళ్ళే దారి అదే కాబట్టి, మజ్జాముఖం కాస్త పొరబడి ముక్కులో ఏదో దూరిందనుకుంటుంది.

ఇంకో రకం ఉంది. మ్యాట్నీ చూసి చీకటి హాల్లోంచి ఎండలోకి అడుగుపెట్టగానే రెండో మూడో తుమ్ములు. మా చుట్టాల్లో ఇలాంటివాళ్ళను చూసి "ఎండ పడదు" అనుకునేవాళ్ళం. అది వంశపారంపర్యంగా వచ్చే గుణం. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లకు వచ్చే అవకాశం సగానికి సగం. వందమందిలో పద్దెనిమిది నుంచి ముప్ఫై అయిదు మంది దాకా ఉంటారని లెక్కలు. అరిస్టాటిల్ పేరు మీద ఉన్న ఒక గ్రంథంలోనే ఈ ప్రశ్న ఉంది: ఎండ వేడికి తుమ్ము వస్తుంది గానీ పొయ్యి వేడికి రాదేం అని. పదిహేడో శతాబ్దం తొలినాళ్ళలో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ బేకన్ అనే తత్వవేత్త కళ్ళు మూసుకుని సూర్యుడి వైపు తిరిగితే తుమ్ము రావడం లేదని గమనించాడు. కాబట్టి వేడి కాదు, వెలుగు అన్నమాట. కళ్ళలో ఊరిన నీళ్ళు ముక్కులోకి దిగి తుమ్మిస్తాయని ఆయన ఊహ. కానీ నీళ్ళు దిగేలోపే తుమ్ము వచ్చేస్తోంది కనక ఇప్పటివాళ్ళ అనుమానం నరాల మీదే ఉంది. ఈ గుణం ఉన్నవాళ్ళు స్కూటీ నడిపేటప్పుడు చలువ కళ్ళద్దాలు పెట్టుకుంటే మంచిది.

సినిమా అంటే గుర్తొచ్చింది. 1894 జనవరిలో అమెరికాలో ఎడిసన్ ప్రయోగశాలలో ఒక తుమ్మును సినిమా తీశారు, తెలుసా? నిడివి అయిదు సెకన్లు. ఫ్రెడ్ ఆట్ అనే ఉద్యోగి చిటికెడు ముక్కుపొడుం పట్టి తుమ్ముతాడు, అయిపోయింది. అక్కడ కాపీరైటు నమోదు చేసిన సినిమాల్లో ఇప్పటికీ మిగిలినవాటిలో ఇదే అన్నిటికన్నా పాతది. దీన్ని తీయించింది ఒక పత్రిక కోసం. తుమ్ము బొమ్మలు వరసగా అచ్చు వేయాలని హార్పర్స్ వీక్లీ రచయిత ఎడిసన్‌ను కోరాడు. చూడచక్కని కుర్రవయసు మనిషి ఎవరినైనా తుమ్మించమని ఆయన అడిగితే, దొరికింది ఈ మీసాల ఆసామీ. చక్కగా ముస్తాబైన ఏ అమ్మాయినో కూచోబెట్టి తుమ్మమంటే, ఆ పిల్ల ముక్కు నొక్కుకుని "క్చ్" అని ఉంటే బొమ్మలో ఏం పడేది? 

మన ఇళ్ళలో తుమ్ముకు ఇంకో తంటా ఉంది, శకునం. ఎవరైనా గడప దాటబోతుంటే ఒంటి తుమ్ము వినిపించిందా, ఆగి, చెప్పులు విప్పి, కూచుని, మంచినీళ్ళు తాగి బయల్దేరాలి. జంట తుమ్మైతే ఫరవాలేదు. అందుకే ఒకటి తుమ్మి, ఇంకోటి బలవంతంగా తుమ్మే అవస్థ పడిన కోడళ్ళు మన మధ్య ఉన్నారు. ఒక్కటి మాత్రం గమనించాను. కొడుకు తుమ్మితే జలుబు చేసిందంటారు, కోడలు తుమ్మితే శకునం బాగోలేదంటారు. 

ప్రాచీన గ్రీకుల ఇళ్ళలో ఇది తలకిందులు. హోమర్ కావ్యం ఒడిస్సీలో కొడుకు టెలిమాకస్ ఇల్లంతా దద్దరిల్లేలా తుమ్మితే తల్లి పెనెలొపీ పకపకా నవ్వుతుంది, తన మాట నిజమవుతుందనడానికి అది సూచన అని. క్రీస్తుపూర్వం 401లో పరాయి దేశంలో చిక్కుకుపోయిన గ్రీకు సైనికులతో సేనాని జెనొఫన్ మనం బయటపడతాం అని చెబుతుండగా ఎవరో తుమ్మారు, సైన్యమంతా దేవుడికి దణ్ణం పెట్టేసింది. ఒకే తుమ్ము, ఒకచోట ప్రయాణం ఆపుతుంది, ఇంకోచోట ప్రయాణం కట్టిస్తుంది.

తుమ్మితే "చిరంజీవ" అనే మన అమ్మమ్మల అలవాటు ఎంత పాతదో బౌద్ధ భిక్షువుల నియమాల గ్రంథం వినయ పిటకం చూస్తే తెలుస్తుంది. బుద్ధుడు ధర్మం బోధిస్తూ తుమ్మాడట. భిక్షువులంతా చిరకాలం జీవించాలంటూ ఒకటే గోల, బోధ ఆగిపోయింది. అలా అన్నంతమాత్రాన మనిషి బతుకుతాడా, పోతాడా అని అడిగి, ఇకమీదట అనొద్దన్నాడు. తీరా భిక్షువులు తుమ్మినప్పుడు ఊళ్ళో గృహస్థులు దీవిస్తే వీళ్ళు బదులు పలకలేదు. గృహస్థులు నొచ్చుకున్నారు. సంసారులకు మంగళమంటే ఇష్టం, వాళ్ళు దీవిస్తే మీరూ "చిరం జీవ" అనండని ఆయన సడలించాడు. నాకు ఆ సడలింపు ఎంతో నచ్చుతుంది. దీవెన అంటారా, అనండి. ఎవరికీ నష్టం లేదు. శకునం పేరుతో పక్కనున్న పిల్ల మీద విసుక్కోకండి చాలు.

సరే, ఇప్పుడు మింగేసే తుమ్ము సంగతి. ఆయుర్వేద గ్రంథం చరక సంహిత సూత్రస్థానం ఏడో అధ్యాయంలో ఆపకూడని వేగాలు పదమూడు చెప్పారు. మలమూత్రాలు, ఆకలి, దప్పిక, నిద్ర, కన్నీళ్ళతో పాటు తుమ్మూ అందులో ఉంది. ఆపితే మెడ పట్టేయడం, తలనొప్పి, ఒంటికణత నొప్పి లాంటివి వస్తాయని రాశారు. ఇప్పటి డాక్టర్లు ఇంకా భయపెట్టే సంగతులు చూశారు. 2018లో ఇంగ్లండులోని లెస్టర్ డాక్టర్లు ఒక వైద్య పత్రికలో రాసిన కథ ఇది. ముప్ఫై నాలుగేళ్ళ ఆరోగ్యవంతుడు ముక్కూ నోరూ మూసేసి తుమ్ము ఆపాడు. మెడలో ఏదో టప్‌మన్నట్టయింది. మెడ వాచింది, గొంతు దాదాపు పోయింది, మింగితే నొప్పి. చూస్తే గొంతు లోపలి గోడ చిరిగింది. వారంపాటు గొట్టంతో ఆహారం పెట్టాల్సి వచ్చింది. 2023లో స్కాట్లండులో ఇంకొకరికి, కారు నడుపుతూ ఇలాగే ఆపబోతే, శ్వాసనాళానికి రెండు మిల్లీమీటర్ల చిరుగు పడింది. ఇలాంటివి బహు అరుదు, తుమ్మితే ఊడే ముక్కులు కావు మనవి. కానీ రెండు దారులూ మూసేస్తే లోపల ఒత్తిడి ఇరవై రెట్ల దాకా పెరగొచ్చని ఆ డాక్టర్లే చెప్పారు. చెవులు దిబ్బడేయడం మీకూ అనుభవమే.

వదిలేయమన్నాను కదా అని ఎదుటివాళ్ళ మొహం మీద వదలమనడం లేదు. అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పరిశోధకురాలు లిడియా బురూయిబా వేగంగా తీసే కెమెరాలతో చూసి చెప్పిందేమిటంటే, తుమ్ము తుంపరలు ఒక వెచ్చటి గాలి మేఘంలో చుట్టుకుని ఏడెనిమిది మీటర్ల దాకా పోగలవు. అంటే ఒక పెద్ద గది చివరిదాకా. మోచేతి మడతలోకి తుమ్మండి, లేదా రుమాల్లోకి. పైట చెంగులోకి మాత్రం వద్దు తల్లీ. ఆ చెంగుతోనే తుమ్ముతాం, ఆ చెంగుతోనే పొయ్యి మీద గిన్నె దించుతాం, ఆ చెంగుతోనే పిల్లాడి మూతి తుడుస్తాం.

పండగల ముందు బూజు దులిపే పని మన నెత్తినే పడుతుంది కాబట్టి ఒక మాట. ముక్కుకు మాస్కో గుడ్డో కట్టుకోండి, అటక మీది దుమ్మును పొడి గుడ్డతో విదిలించకుండా తడి గుడ్డతో తుడవండి. ఆ పని లేని రోజున కూడా పొద్దున లేస్తూనే వరసగా పదేసి తుమ్ములు, కళ్ళు దురద, నీళ్ళలాంటి చీమిడి, జ్వరం మాత్రం లేదు అంటే అది జలుబు కాకపోవచ్చు, అలర్జీ చూపించుకోండి. దుప్పట్లు, గలీబులు వారానికోసారి వేడినీళ్ళలో ఉతకండి. దిబ్బడకు మందుల షాపులో కొనే ముక్కు చుక్కలు నాలుగైదు రోజులు మించి వాడితే, మానేసినప్పుడల్లా దిబ్బడ తిరిగొచ్చి అవే అలవాటైపోతాయి.

ఇక అసలు సంగతి. ఇంతసేపూ దీనికోసమే చుట్టూ తిరుగుతున్నానని కొందరికి అర్థమై ఉంటుంది. తుమ్ము వస్తుందనగానే కొందరు ఆడవాళ్ళు కాలి మీద కాలు బిగించి నిలబడతారు, చూశారా? పెళ్ళిలో అయితే ముదురు రంగు చీరే కట్టుకుంటారు. బస్సు ప్రయాణమంటే పొద్దుటినుంచి మంచినీళ్ళు ముట్టరు. తుమ్మితే నాలుగు చుక్కలు పడతాయని భయం. భర్తకు చెప్పరు, కూతురికి చెప్పరు, "వయసు మీద పడుతోంది" అని సరిపెట్టుకుంటారు. కాన్పులైన ముప్ఫై ఏళ్ళ పిల్లలు కూడా ఇలాగే ఉంటారు. వాళ్ళకేం వయసు మీద పడింది?

జరుగుతున్నది ఇదీ. మూత్రాశయం, గర్భాశయం కింద ముందునుంచి వెనక్కి కొన్ని కండరాలు నవారు మంచంలా పరుచుకుని వాటిని మోస్తుంటాయి. నెలల తరబడి గర్భం మోయడం, కాన్పు, ముట్లుడిగిన తరవాత వచ్చే మార్పులు, ఎక్కువ బరువు, వీటివల్ల నవారు వదులవుతుంది. తుమ్మినప్పుడు పొట్ట కండరాలు బిగుసుకుని పైనుంచి ఒత్తిడి పడేసరికి కింద ఆపే బలం చాలదు. నవారు వదులైతే మంచం పారేస్తామా? బిగించుకుంటాం.

బిగించే వ్యాయామానికి ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ డాక్టర్ పేరు మిగిలింది. ఆయన 1948లోనే దీన్ని ప్రచురించాడు. గాలి పోకుండా, ఒంటేలు రాకుండా ఆపుకునేటప్పుడు ఏ కండరాలు లోపలికి, పైకి లాగుతామో వాటినే బిగించాలి. పొట్ట, తొడలు, పిరుదులు బిగించకూడదు, ఊపిరి ఆపకూడదు. అయిదారు సెకన్లు పట్టి ఉంచి, అంతసేపూ వదిలేయాలి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు. కూరగాయలు తరుగుతూ చేయొచ్చు, సీరియల్ చూస్తూ చేయొచ్చు, ఎవరికీ తెలియదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయడం మాత్రం వద్దు. వారంలో తేడా కనబడలేదని మానేయకండి, మూడు నెలలు పడుతుంది. ఇంకో కిటుకు కూడా ఉంది. తుమ్ము వస్తోందని తెలిసే ఆ రెండు మూడు క్షణాలున్నాయే, ముక్కు నొక్కుకోవడానికి వాడుకుంటున్నామే, అప్పుడే కింద బిగించేయండి. పైన వదిలేయండి.

నడుం నొప్పి ఉన్నవాళ్ళు తుమ్మేముందు ముందుకు వంగిపోకుండా, మోకాళ్ళు కాస్త మడిచి గోడకో బల్లకో చెయ్యి ఆనించుకోండి. ఆపరేషన్ కాన్పు అయిన కొత్తలో కుట్ల మీద దిండు అదిమి పట్టుకుని తుమ్మండి, నొప్పి తగ్గుతుంది. 

బిగించే వ్యాయామం మూడు నెలలు చేసినా చుక్కలు ఆగకపోతే, లేదా మంట, రక్తం, కింద ఏదో జారుతున్నట్టు బరువు ఉంటే ఆడవాళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఫిజియోథెరపీ ఉంది, మందులున్నాయి, అవసరమైతే ఆపరేషనూ ఉంది. మనలో ఒక అలవాటు ఉంది: నడుం నొప్పి, నీరసం, బీపీ అన్నీ చెప్పి, చీటీ రాయించుకుని, లేచి, తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటూ "ఇంకోటండీ డాక్టరుగారూ..." అని గొణుగుతాం. ఈసారి కుర్చీలో కూచోగానే మొదట అదే చెప్పండి.